చెల్లికి రోజూ నూడుల్సే పెట్టాను

మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు... పటమటలో మా ఇంట్లో తెల్లవారకముందే చేపల పులుసు ఉడికేది. అమ్మ వంట చేసి, మా ఇద్దరికీ స్కూలు క్యారేజీలు సర్ది, గంప తీసుకుని చేపల మార్కెట్టుకి వెళ్ళిపోయేది. మళ్ళీ సాయంత్రానికే రావడం. నాన్న లారీ డ్రైవరు... వారానికోసారి కనిపిస్తే గొప్ప.

నాకు పదకొండేళ్ళు, చెల్లి రమకి ఆరు. పగలంతా దాని బాధ్యత నాదే.

ఒకరోజు రమ గొంతులో చేపముల్లు గుచ్చుకుంది. అరటిపండు, ఉత్త అన్నం ముద్దలు మింగించి అమ్మ ఎలాగో దింపింది. ముల్లు పోయింది గానీ దాని భయం పోలేదు. పప్పన్నం పెట్టినా సరే... ముద్ద బుగ్గన పెట్టుకుని కళ్ళనీళ్ళు కార్చేది.

నాన్న వచ్చినప్పుడల్లా సాయంత్రం ఆకలికని ఒక అట్టపెట్టె నిండా నూడుల్స్ ప్యాకెట్లు తెచ్చేవారు. ఓ పొద్దున కంచం ముందు ఏడుస్తున్న దాన్ని చూడలేక ఒక ప్యాకెట్ ఉడికించి పెట్టాను. గొంతులోంచి ఇట్టే జారిపోయాయి... గిన్నె నాకేసింది. ఆ రోజు నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

అలా మొదలైంది. పొద్దున నూడుల్స్, క్యారేజీలోనూ నూడుల్సే. అమ్మ పెట్టి వెళ్ళిన అన్నం, పులుసు బందరు కాలువ గట్టున తిరిగే కుక్కకి పెట్టేదాన్ని. చెల్లి తిన్నదా అని అమ్మ అడిగితే "తినేసిందమ్మా" అనడం అలవాటైపోయింది. రాత్రి జారుగా కలిపిన పెరుగన్నం నాలుగు ముద్దలు తిని రమ చాలనేది. పగలు బాగానే తిన్నదిగా అని అమ్మా ఊరుకునేది.

నాలుగైదు నెలలు గడిచాయి... రమ పెదాలు పాలిపోయాయి. మెట్లెక్కితే ఆయాసపడేది. పలక దగ్గర కూర్చుని బలపాలు కొరుక్కు తినేది. మానమని ఓసారి కొట్టాను కూడా. రక్తం తగ్గితే అలాంటివి తినాలనిపిస్తుందని అప్పుడు నాకేం తెలుసు?

ఒక ఉదయం స్కూల్లో ప్రార్థన దగ్గర నిలబడినచోటే పడిపోయింది.

మాస్టారు మార్కెట్టుకి కబురు పంపారు. అమ్మ చేతులకి పొలుసులు అంటుకుని ఉండగానే ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది. మంచం మీద రమ... తెల్లగా, కాగితంలా ఉంది. రక్తపరీక్ష కాగితం చేతిలో పట్టుకుని డాక్టరమ్మ అడిగారు.

"పిల్ల ఏం తింటుందమ్మా?"

"రోజూ చేపేనండీ డాక్టరుగారూ. మా ఇంట్లో చేప లేని రోజుండదండీ. గుడ్డు, పప్పు, అన్నీ పెడతానండీ." అమ్మ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

డాక్టరమ్మ ముఖం మారింది. "అంత తిండి తినే పిల్లకి రక్తం ఇంత తగ్గకూడదమ్మా. లోపల వేరే జబ్బేదో ఉండొచ్చు. పెద్దాసుపత్రికి రాసిస్తాను. అక్కడ ఎముకలోంచి సూదితో మూలుగ తీసి పరీక్ష చేస్తారు."

అమ్మ గోడకి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చుంది. "ఏం జబ్బండీ?" అని అడిగింది. డాక్టరమ్మ రాసుకుంటున్నారు.

చెబితే అమ్మ చంపేస్తుంది... చెప్పకపోతే చెల్లి ఎముకలోకి సూది. డాక్టరమ్మ పుస్తకంలోంచి ఆ కాగితం చింపి అమ్మ చేతికివ్వబోతుంటే అన్నాను...

"అది చేప తినట్లేదండీ. అన్నం కూడా తినట్లేదు. నేనే రోజూ నూడుల్స్ పెడుతున్నాను."

అమ్మ నా వైపు చూసింది. కొడుతుందని కళ్ళు మూసుకున్నాను... కొట్టలేదు.

"ఎన్నాళ్ళ నుంచే?"

"ముల్లు గుచ్చుకున్నప్పటి నుంచి."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు దాన్ని తిడతావని... అది ఏడుస్తుందని."

అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ రాసిన కాగితం వెనక్కి తీసుకున్నారు. నన్ను దగ్గరికి పిలిచారు. "నూడుల్స్ విషమేం కాదమ్మా. అది మైదాపిండి. కడుపు నిండుతుంది, ఆడుకోవడానికి ఓపికొస్తుంది. కానీ రక్తం పట్టడానికి, కండ పట్టడానికి అదొక్కటే చాలదు. మసాలాలో ఉప్పు కూడా ఎక్కువ. ఇక నుంచి మసాలా సగమే వెయ్యి. గుడ్డు కొట్టి వెయ్యి, తోటకూర తరిగి వెయ్యి, దించాక నిమ్మకాయ పిండు. మెల్లగా అన్నం అలవాటు చెయ్యండి."

తర్వాత అమ్మ వైపు తిరిగారు. "ముందు మందు వాడి చూద్దాం. రెండు వారాల్లో రక్తం పెరగకపోతే మాత్రం పెద్దాసుపత్రికి వెళ్ళాల్సిందే."

ఆ రెండు వారాలు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. రమ ఇనుము టానిక్కు తాగి ముఖం చిట్లించేది... అమ్మ దాని కింది కనురెప్ప లాగి, ఎరుపు వచ్చిందా అని రోజుకి పదిసార్లు చూసేది. దాని ఎదురుగా కూర్చుని తినిపించి, మార్కెట్టుకి గంట ఆలస్యంగా వెళ్ళడం మొదలుపెట్టింది. ఉడికిన చేపని వేళ్ళతో పిండిపిండిగా నలిపి, ముల్లు లేదని రెండుసార్లు తడిమి చూసి నూడుల్స్‌లో కలిపేది. ముందు తను ఒక ముద్ద తిని చూపించేది. తర్వాతే రమ నోరు తెరిచేది.

రెండోసారి పరీక్షలో రక్తం పెరిగింది. డాక్టరమ్మ నవ్వారు. అమ్మ ఆసుపత్రి వరండాలో నన్ను దగ్గరికి లాక్కుని చాలాసేపు ఏడ్చింది... ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదేమో.

రమ ఇప్పుడు మంగళగిరిలో ఉద్యోగం చేస్తోంది. ఆరోగ్యంగా ఉంది.

ఈమధ్య సూపర్ మార్కెట్టుకి వెళ్తే గోధుమ పాస్తా, రాగి నూడుల్స్... ప్రొటీన్ ఎంతో, ఉప్పు ఎంతో అన్నీ ప్యాకెట్ వెనకే రాసి ఉంటున్నాయి. అవన్నీ చదివే కొంటాను. మా అమ్మాయికి బఠాణీలు, పనీరు వేసి వండిపెట్టి ఆఫీసుకి పరుగెడతాను. "తిన్నావా?" అని ఫోన్లో మెసేజ్ పెడతాను. "తిన్నా" అని జవాబొస్తుంది.

ముద్ద మింగేదాకా ఎదురుగా కూర్చునే తీరిక మా అమ్మ సంపాదించుకోగలిగింది... నేనింకా సంపాదించుకోలేదు.

చిన్నప్పుడు మీరు కూడా అమ్మకి చెప్పకుండా దాచిన తిండి సంగతి ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... ఇప్పుడైనా చెప్పేద్దాం.