పెదవి మీద వేలు

చీపురుపల్లి అవతల కూలీల పేటలో నేను అంగన్‌వాడీ టీచర్‌గా ఉన్నప్పుడు, పిల్లల పెంపకం మీద తల్లులకు తరగతులు చెప్పడానికి ఒకావిడ వచ్చేది. ఊడుపుల పని మానుకుని వచ్చిన తల్లులు చాప మీద కూర్చునేవారు. ఆవిడకు మాత్రం నేను పక్కింటి నుంచి కుర్చీ మోసుకురావాలి.

“మీకు పిల్లల్ని కనడమే తెలుసు. వాళ్లు చెప్పేది వినడం నేర్చుకోండి” అనేది. తీరా పిల్లలు నోరు తెరిస్తే, పెదవి మీద వేలు పెట్టి బుసకొట్టేది. ఆ తర్వాత అందరినీ వరండాలోకి తోలించి తలుపు వేయించేది. పెంపకం పాఠానికి పిల్లలే అడ్డమట!

ఒకరోజు తలుపవతల ఓ పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. తల్లి లేవబోయింది.

“కూర్చోమ్మా! పిల్లలు ఏడిస్తే ఏం చెయ్యాలో అదే కదా చెబుతున్నాను” అంటూ ఆవిడ మళ్లీ పెదవి మీద వేలు పెట్టింది.

ఆ వేలు చూస్తేనే నాకు ఒళ్లు మండేది. తల్లి మాత్రం లెక్కచేయకుండా వెళ్లి పిల్లను చంకనేసుకుని వచ్చింది. ఏడుపు ఆగిపోయింది.

“ఇప్పుడు సెప్పండి మేడం, ఏటి సెయ్యాలో” అంది.

అందరూ నవ్వారు. ఆవిడకు సిగ్గన్నదే లేదు. “ఫొటోకి బాగుంటుంది, ఇలా ఇవ్వు” అని పిల్లను లాక్కుని, ఫోను నా చేతిలో పెట్టింది.

“నవ్వు, నవ్వు” అని ఆవిడ ఊపుతుంటే, పిల్ల తన చిట్టి వేలు తెచ్చి ఆవిడ పెదవుల మీద గట్టిగా నొక్కిపెట్టింది.

సరిగ్గా అప్పుడే ఫొటో తీశాను.