డ్రైవర్ల టీలో పంచదార మాన్పించిన నర్సమ్మ

మా వీధి చివరి క్లినిక్‌లో నర్సమ్మ ఉంది చూశారూ, ఆవిడ గురించి మొదలుపెడితే నాకిక నోరాగదు!

మా ఆయన బస్సు డ్రైవరు. షుగరు హద్దు దాటిందని డిపో డాక్టరు ఆయన్ని బస్సు దింపి షెడ్డు పనిలో వేశాడు. "మూడు నెలల్లో తగ్గిందా సరే, లేదంటే ఇక స్టీరింగు మర్చిపో" అన్నాడు. ఈ మహానుభావుడేమో నవ్వుతూ తిరిగేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

నర్సమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఇంకొకరైతే అది తినకు, ఇది తాగకు అని క్లాసు పీకేవారు. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అన్నయ్యా, నిన్న నిద్ర లేచింది మొదలు ఏమేం చేశారో చెప్పండి" అంది. ఈయన ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. మెల్లిగా బయటపడింది. ఇంట్లో చప్పటి టీ తాగి బుద్ధిమంతుడిలా బయల్దేరే మనిషి, డిపోలో ఏ బస్సు వచ్చి ఆగినా దాని డ్రైవరుతో కలిసి తీపి టీ కొడుతున్నాడు!

"పిలిచి ఇస్తుంటే వద్దంటే ఏం బాగుంటుంది?" అని గొణిగాడు.

నేను అందుకోబోయాను. నర్సమ్మ నా చెయ్యి నొక్కింది. "టీ మానొద్దులెండి. మీవాళ్లతో నేను మాట్లాడతా."

అన్నంత పనీ చేసింది! సెలవు రోజున నన్ను వెంటబెట్టుకుని, షుగరు మిషనుతో డిపోలో దిగింది. "ధైర్యమున్నవాళ్లు వేలివ్వండి" అంది. మా ఆయన్ని 'షుగరు బావా' అని ఏడిపించే పెద్ద డ్రైవరు మీసం మెలేస్తూ వచ్చాడు. తీరా చూస్తే ఆయనకే ఎక్కువుంది! అందరూ తెల్లమొహాలేశారు. ఆ పూట నుంచే టీ కొట్టులో పంచదార లేని టీకి వేరే గిన్నె పెట్టించారు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య యార్డు చుట్టూ నడక. పెద్ద డ్రైవరు ముందు, మా ఆయన వెనక. వీలైనప్పుడల్లా నర్సమ్మా వచ్చి వాళ్లతో నడిచేది.

గడువుకి మా ఆయన పరీక్షకి రక్తం ఇచ్చాడు. మర్నాడు నేను క్యారేజీ ఇవ్వడానికి డిపోకి వెళ్లేసరికి, నర్సమ్మ యూనిఫాంతోనే పరుగెత్తుకొస్తోంది. ఆయాసంతో మాట రావడం లేదు. ఏమైందోనని క్యారేజీ మా ఆయన చేతిలో పెట్టేసి ఎదురెళ్లాను.

"తగ్గింది అన్నయ్యా! డిపో డాక్టరుగారికి చూపించే వస్తున్నా. రేపట్నుంచి బస్సెక్కమన్నారు!"

ఇక చూడాలి, ఒకటే ఈలలు, హారన్లు! నేను నర్సమ్మని వాటేసుకుని గంతులేశాను. తిరిగి చూస్తే మా ఆయన బస్సు మెట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"స్టీరింగు పోతే నేనేమైపోతానో అని చచ్చేంత భయమేసిందే," అన్నాడు. "నవ్వకపోతే నువ్వు కనిపెట్టేస్తావని నవ్వాను."