కత్తికి ముందు నా బేరం

బేరం మధ్యలో లేచి వచ్చేయడం నాకు వచ్చినంత బాగా నరసరావుపేట బట్టల బజారులో ఇంకెవరికీ రాదు. ఆ విద్యను గుంటూరులో క్యాన్సర్ డాక్టరు మీద కూడా ప్రయోగించాను. ఇంత ఘనకార్యం మా రెండు వంశాల్లో ఎవరూ చేయలేదు.

రొమ్ములో గడ్డ అప్పటికే పెద్ద నిమ్మకాయంత. డాక్టరు గారు సూటిగా చెప్పారు: ముందు కీమో, గడ్డ తగ్గాక ఆపరేషన్, బాగా తగ్గితే రొమ్ము మొత్తం తీయకుండా సరిపెట్టవచ్చు. నేను కొట్లో పుట్టి ఇంకో కొట్లోకి కోడలిగా వచ్చినదాన్ని. సరుకు చూపించక ముందే అడ్వాన్సు అడిగేవాళ్లను నమ్మను. ముందు కోసి తీసేయండి, మందుల సంగతి తర్వాత చూద్దాం అన్నాను. కుదరదన్నారు. అయితే ఆలోచించుకుంటాం అని లేచాను.

మా బజారులో ఆ మాటకు అర్థం ఒకటే: నేను గుమ్మం దాటేలోగా వెనక్కి పిలిచి తగ్గించమని. అందుకే మెల్లగా నడిచాను. పిలవడానికి ఆయనకు వ్యవధి ఇవ్వాలి కదా.

మెట్ల దగ్గర మా ఆయన, “పిలవడం లేదేందే?” అన్నాడు.

“కంగారుపడమాకండి. కిందికి దిగేలోగా పిలుస్తాడు.”

నిజంగానే వెనక నుంచి నర్సు పరిగెత్తుకొచ్చింది. మా ఆయన వంక ఒక చూపు చూశాను. “స్కాన్ కవరు మర్చిపోయారమ్మా” అని చేతిలో పెట్టి వెళ్లిపోయింది. లోపల అప్పటికే ఇంకో పేషెంటు కూర్చున్నారు.

పిలవకుండా వెనక్కి వెళ్తే ఓడిపోయినట్టే. పైగా మిర్చి అమ్మిన రైతులు పెళ్లి బట్టలకు వచ్చే రోజులు, వంకకు కొదవ లేదు. సీజనంతా ఆస్పత్రి నుంచి ఫోను వస్తుందని చూశాను. ఫోను రాలేదు. గడ్డ పెరిగింది. పైచర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడింది, చంకలో ఇంకోటి చేతికి తగిలింది.

తిరిగి వెళ్తే డాక్టరు గారు ఒక్క మాట దెప్పలేదు. దెప్పి ఉంటే జవాబు చెప్పేదాన్ని.

“ఇప్పుడిక రొమ్ము దక్కించుకునే మాట లేదమ్మా. మందులకు గడ్డ లొంగితే ఆపరేషన్ చేస్తాను. లొంగకపోతే చేయలేను.”

బేరమాడకుండా నేను ఒప్పుకున్న మొదటి ధర అదే.

మూడు వారాలకోసారి సెలైన్. నోట్లో ఇనుము రుచి. జుట్టు పోయింది, షాంపూ ఖర్చు మిగిలింది. కొన్ని విడతలయ్యాక డాక్టరు గారు టేపు పెట్టి చూసి, తగ్గింది అన్నారు. నేను నమ్మలేదు. టేపుతో ఎన్ని రకాలుగా కొలవొచ్చో మా కొట్లో నేర్చుకున్నాను.

“ఇంకోసారి కొలవండి సార్. ఈ కొస నేను పట్టుకుంటాను.”

ఆయన నవ్వకుండా రెండో కొస నాకిచ్చి మళ్లీ కొలిచారు. తగ్గింది నిజమే. టేపు వదలకుండానే ఏడ్చాను.

ఆపరేషన్ అయింది. ఇక లెక్క. ఆ వైపు చేత్తో పై అరలోని బట్టల తాను దించలేను. వేళ్ల కొసలకు తిమ్మిరి మిగిలింది, బట్ట అసలు నూలో, పాలిస్టర్ కలిపిన మిక్సింగో పట్టుకుని చెప్పలేను. ఈ రెండూ ఎటూ తప్పేవి కావు, రోగం ఖాతాలో రాశాను. ఇక లెక్కలో తేలాల్సింది పోయిన రొమ్ము. మొదటి రోజే ఒప్పుకుని ఉంటే దక్కేదా అని డాక్టరు గారిని అడిగాను. “దక్కేదేమో. ఖాయంగా చెప్పలేను” అన్నారు. ఆ ‘ఏమో’ను తగ్గింపు కింద తీసుకోవచ్చు. తీసుకోలేదు, మొత్తం నా పేరునే రాసుకున్నాను. జమ వైపు ప్రాణం ఉంది. ఎంత కాలానికో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.