ఎండ తగలని పాలకూర

మేడ్చల్ మార్కెట్లో ఆకుకూర ఎప్పుడూ మల్లమ్మ దగ్గరే కొంటాను. తన మడిలో పండించిందే తెస్తుంది. ఈ ఉదయం పాలకూర కట్ట అందుకోగానే నా చేతిలోంచి లాగేసుకుంది.

"గిది నీకొద్దు బిడ్డా. పురుగుల మందు గొట్టి నాలుగు దినాలాయె. మంచిగ ఎండ గొడితే ఆకు మీది మందు ఇరుగుతది. మందు గొట్టినసంది మబ్బే ఉన్నది."

"మరి ఎందుకు కోశావు?"

"ముదిరితే ఎవలు కొంటరు?"

ఎండకు పురుగుమందు ఎలా విరిగిపోతుందో నేను బడిలో బోర్డు మీద గీసి చెబుతాను. మల్లమ్మ రోజులు కాదు, ఎండలు లెక్కపెడుతుంది. మనసులోనే మెచ్చుకుని బీరకాయల వైపు తిరిగాను.

అంతలో చంకలో పాపతో ఒకామె వచ్చి, "పాలకూర రెండు కట్టలివ్వమ్మా, దీనికి పప్పులో మెదిపి పెట్టాలి" అంది. మల్లమ్మ నా ముఖం చూసింది. నేను బీరకాయలు ఏరుతున్నట్టు తల దించుకున్నాను. మల్లమ్మ ఆ కట్టలే ఇచ్చేసింది.

ఈపాటికి పాప తినేసి పడుకుని ఉంటుంది. సాయంత్రం నుంచి మల్లమ్మ మీద కోపం తెచ్చుకోవాలని చూస్తున్నాను, రావడం లేదు. మీరైతే నోరు విప్పేవారా? నిజం చెప్పండి. మల్లమ్మ కనీసం ఒకరికి చెప్పింది.