కాటా వేసిన కేక

చిత్తూరు శివార్లలోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్లూ వైర్లూ చూసేది రెబెకా. ఆమె నాయన ఇదే గేటు దగ్గర కాయ ఎత్తి దించినవాడు. ఆ ఉద్యోగంలో ఆమెకు ముందు ఎవరూ రెండో సీజను చూడలేదు. రెబెకా చూసింది, ఇంకా చూస్తుంది.

ఈ జూన్‌లో ట్రాక్టర్ల వరుస హైవే దాకా పాకింది. రైతును ఎండలో నిలబెట్టడం మా జిల్లాలో ఎవరికీ తప్పుగా తోచదు. కాయ కుళ్ళితే గుజ్జుకు పనికిరాదు కనుక మాత్రమే ఓనరు వెనక యార్డులో రెండో కాటా పెట్టించాడు. ఐరాల రైతు చెంగయ్య ట్రాక్టరు మొదటగా దాని మీదికెక్కింది. అడుగు కాయ అప్పటికే నలిగి రసం కారుతోంది. కాటా మాత్రం, టోకెను నంబరును బట్టి రైతు పేరు చెప్పే ఆఫీసు లెక్కల కంప్యూటరు దొరకలేదంటూ మొరాయించింది.

"రెండు యార్డుల్నీ ఒకటే నెట్‌వర్కు చేసేయమ్మా, పీడా పోతుంది," అన్నాడు మేనేజరు ధనశేఖర్.

"పోయిన సీజన్లో అట్లే కలిపితిరి సార్. కెమెరాల గోలకి ఫ్యాక్టరీ అంతా పడుకునింది. మర్చిపోతిరా?"

విషయం ఇదీ. కొత్త కాటా ఆన్ కాగానే 'లెక్కల కంప్యూటరు ఎవరు?' అని అందరికీ వినపడేలా ఒక కేక వేస్తుంది. దాన్నే బ్రాడ్‌కాస్ట్ అంటారు. వైర్లన్నీ కలిసే స్విచ్ ఆ కేకను యార్డు దాటనివ్వదు. అన్ని యంత్రాల కేకలూ దాటనిస్తే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. రెబెకా స్విచ్ సెట్టింగుల్లోకి వెళ్ళి, కాటా వేసే ఆ ఒక్క రకం కేకను మాత్రం ఆఫీసు వైపు పంపమని రాసింది.

కాటా పలికింది. బోర్డు మీద బరువు పడింది. పక్కన పేరు: మునిరత్నం.

"ఆయన పోయినేడు కాయ అమ్మి తోటే కొట్టిచ్చేసినాడు గదమ్మా," అన్నాడు చెంగయ్య. "నా కాయ ఆయన పేరున పోతే నేనేం తినాల?"

రెబెకా నేరుగా ఓనరు గదికి నడిచింది. ఫ్యాక్టరీ కొన్న మొదటి కంప్యూటరు ఆ గది మూలన ఉంటుంది. ఏటా సీజను మొదటిరోజు దానికి పసుపు కుంకుమ పెట్టి ఆన్ చేస్తారు, సీజను ముగిసేదాకా ఆపరు. పోయినేటి దాకా లెక్కలు అందులోనే; ఉన్నవి పోయినేటి టోకెన్లూ, పోయినేటి పేర్లూ, చెంగయ్య టోకెను నంబరు అప్పుడు మునిరత్నానిది. ఆఫీసు మొత్తానికి వెళ్ళిన కేకకు అదే ముందుగా పలికింది.

"ఆపేద్దామా?" ధనశేఖర్ గొంతు తగ్గించాడు. "ఓనరుకు తెలిస్తే నన్ను కాటా ఎక్కిస్తాడు."

"దాన్ని ఆపే పన్లేదు సార్. తప్పు నాది. ఆఫీసంతటికీ పంపితిని. ఒక్కదానికే పంపాల."

స్విచ్‌లో ఒక్క లైను మార్చి, కేకను లెక్కల కంప్యూటరు చిరునామాకే పొమ్మంది. కాటాను ఆపించి మళ్ళీ వేయించింది.

"ఇప్పుడు సూడు చెంగయ్యన్నా."

చెంగయ్య తన పేరును కూడబలుక్కుని చదివాడు. ట్రాక్టరును కాయ దించే వైపు తిప్పాడు. వెనకున్న బండి కాటా ఎక్కింది.

సాయంత్రం ఓనరు కుంకుమ భరిణె తెచ్చి స్విచ్‌కు బొట్టు పెట్టబోయాడు. పని చేసిన మనిషికి ఒక మాట చెప్పాలని ఆయనకు తోచలేదు.

"మినుకుమనే ఆ లైట్ల మీద మాత్రం వద్దు సార్," అంది రెబెకా. "ఎవురి కేక యాడికి పోతాండాదో నాకు కనపడాల."

ఆయన బొట్టు పక్కకు పెట్టాడు.