గంటలో కుక్కిన గుడ్డ

ఉదయం ఆరూ పదికి గంగులప్ప ఆవులు మా బేస్ క్యాంపు ముందునుంచి పోయాయి. నాలుగేళ్ల కిందటి ఫిబ్రవరి నెల. నేను గడప మీద కూర్చుని టీ తాగుతున్నాను. గంటలు ఒకదాని వెంట ఒకటి మోగుతూ పోయి, మలుపు దగ్గర ఆగిపోయాయి. దూరం వెళ్లాయనుకుని లేచి గ్లాసు కడుక్కున్నాను.

నల్లమాడ వైపు ఒక కొండకు నేను ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌ని. బీట్ అంటే ఒక ఉద్యోగి కాపలా కాయవలసిన అడవి ముక్క. అడవి అనగానే మనసులో మెదిలే అడవి కాదిది. రాళ్లు, తుమ్మ, సీతాఫలం, వాన పడితే బోదగడ్డి. నేను చేరేనాటికి కొండ అంచు ఇంటి వాకిలిలా నున్నగా ఉండేది. మొలిచిన మొక్కను మొలిచినట్లే పశువులు కొరికేసేవి. వాన పడితే నీళ్లు ఇంకకుండా, మట్టిని కోసుకుంటూ ఎర్రగా కిందికి పోయేవి.

అందుకని కొండలో సగం మూసేశాం. దీన్ని మేం క్లోజర్ అంటాం. మొక్కలు నిలదొక్కుకునే దాకా మేత బంద్. చుట్టూ సి.పి.టి. తవ్వించాం, అంటే పశువు దాటలేనంత లోతైన కందకం. రెండేళ్లలో ఫలితం కనబడింది. చండ్ర మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. చెక్‌డ్యాం గుంటలో జనవరి దాకా నీళ్లు నిలిచాయి. కౌజు పిట్టలు మళ్లీ గుడ్లు పెట్టాయి. మూడో ఏడు వానలు బాగా పడి బోదగడ్డి నా నడుము దాటింది. ఆ గడ్డి ఫొటోలు పై ఆఫీసుకు నేనే పంపాను.

వాగు కోసేసిన చోట కందకం పూడిపోయి, అక్కడినుంచి కొందరు పశువులను లోపలికి దించేవారు. వాళ్లను పట్టుకోవడానికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, చెవి. పొద్దున ఒక పెద్ద రాతిగుండు ఎక్కి కదలకుండా కూర్చుంటే గంట ఎక్కడ మోగుతోందో తెలిసేది. గంగులప్పను అలాగే రెండుసార్లు పట్టుకుని ఆవులను బందెలదొడ్డికి తోలించాను. అరవై దాటిన మనిషి. పదకొండు ఆవులు, కూతురు లక్ష్మీదేవి, అంతే అతని సంసారం. రెండోసారి అతను కోప్పడలేదు.

"నా ఆవు మెడకు గంట కట్టింది నాకా, నీకా మేడమ్మా? నాకన్నా నీకే బాగా ఇనపడతాండాది," అన్నాడు.

పక్కనున్న వాచర్ నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత గంగులప్ప గడ్డి వైపు చేయి చూపాడు.

"ఇది ఎండినాక ఎవురు తింటారు? నా ఆవులన్నా తినల్ల, అగ్గన్నా తినల్ల. ఇత్తు రాలినాక ఒక నెల ఇడువు."

ఐదేళ్లు మూయాలని కాగితంలో ఉందని చెప్పాను. కావాలంటే మోపులు కోసుకుపొమ్మన్నాను. ఆ వయసు మనిషి పదకొండు ఆవులకు సరిపడే గడ్డిని కొండ మీదనుంచి ఎలా మోస్తాడని ఆలోచించలేదు.

ఆ తర్వాత మూడు నెలలు లోపల ఒక్క గంట కూడా వినపడలేదు. డైరీలో ప్రతి వారం "మేత లేదు" అని రాశాను.

ఆ ఫిబ్రవరి రోజు పన్నెండున్నరకు తూర్పు వైపు పొగ లేచింది. ఎలా అంటుకుందో ఇప్పటికీ తెలియదు. గాలి ఊరి వైపు వీస్తోంది. నేను, ముగ్గురు వాచర్లు కందకం దగ్గరికి పరిగెత్తాం. మంట మనిషెత్తు లేచింది, పచ్చికొమ్మలతో కొడితే ఆరేది కాదు. అలాంటప్పుడు మాకు మిగిలే పద్ధతి కౌంటర్ ఫైర్. ఎదురుగా మేమే నిప్పు పెట్టి, పెద్ద మంట వచ్చేసరికి దానికి గడ్డి లేకుండా చేస్తాం. మధ్యలో ఎవరూ లేరని తేలాకే పెట్టాలి. నేను నిలబడి విన్నాను. గడ్డి కాలే చప్పుడు తప్ప ఏమీ లేదు. అగ్గిపెట్టె తీశాను.

అప్పుడు లక్ష్మీదేవి సద్ది డబ్బా చేత్తో పట్టుకుని గట్టు వెంట పరిగెత్తుకొచ్చింది.

"అంటీయాకు మేడమ్. నాయన లోపలుండాడు."

లోపల గంట మోగడం లేదే అన్నాను.

"గంటల్లో గుడ్డలు కుక్కినాడు. దినామూ మలుపుకాడ నిలబెట్టి కుక్కేదే. నీకు ఇనపడకూడదని."

నా వేళ్ల మధ్య పుల్ల ఉంది, ఇంకా గీయలేదు. ఆ పుల్లను చూసి పుట్టిన భయం మంటను చూసి కూడా పుట్టలేదు. దాన్ని కింద పడేశాను.

ఎక్కడుంటాడని అడిగితే ఆమెకూ తెలియదు. నేను తిరిగే దారిని బట్టి అతను రోజుకో చోటికి పోయేవాడట. లోపలికి దిగే వాగు మంట వైపే ఉంది. కాబట్టి వచ్చిన దారిన బయటపడలేడు. మిగతా అన్ని వైపులా నేను తవ్వించిన కందకం. మేం పేరు పెట్టి అరిచాం. అరిచి, ఊపిరి బిగబట్టి విన్నాం. మళ్లీ అరిచాం. పొగ మా మీదికి వచ్చింది. లక్ష్మీదేవి అరవడం మానేసి, డబ్బాను కడుపుకు అదుముకుని నిలబడింది. అలా ఎంతసేపో చెప్పలేను.

ఒక గంట మోగింది. కాసేపటికి రెండోది. దక్షిణం వైపు. ఆ చప్పుడు వెంట పరిగెత్తి, పారలతో గట్టు కూలగొట్టి కందకంలో దారి చేశాం. తొమ్మిది ఆవులు ఆ మట్టి మీద జారుతూ దాటాయి. మూడింటి గంటలు మోగుతున్నాయి. మిగిలినవాటివి ఊగుతున్నాయి గాని చప్పుడు లేదు. వాటి వెనక గంగులప్ప లేడు.

మంట రాతినేల చేరి దానంతట అదే ఆగాక లోపలికి పోయాం. ఒక గుండు పక్కన ఉన్నాడు. పెద్దగా కాలలేదు, పొగ పట్టేసింది. కుడి పిడికిలిలో మూడు గుడ్డపేలికలు ఉన్నాయి. అతని తువ్వాలు చింపినవే.

రిపోర్టులో కారణం తెలియదని రాశాను. ఎండుగడ్డి గురించి గంగులప్ప అన్న మాటను అతని పేరుతోనే కింద చేర్చాను. మూడేళ్లు పశువుల నోటినుంచి కాపాడిన చండ్ర మొక్కలు ఆ మధ్యాహ్నం చాలావరకు పోయాయి. మరుసటి ఏడు అధికారులు, ఊరివాళ్లు కూర్చుని కొండను నాలుగు ముక్కలు చేశారు. వాటిలో ఒకటి, మొక్క ఆవు నోటికి అందనంత ఎదిగేదాకా మూసి ఉంటుంది. మిగతావి విత్తనం రాలాక వంతులవారీగా తెరుస్తాం. గడ్డి చీలమండ ఎత్తుకు దిగుతుంది. కిందటి ఏడు ఒకచోట నిప్పు పడితే కొమ్మలతోనే ఆర్పగలిగాం. అయితే పశువులు దిగే దారుల్లో నేల మళ్లీ గట్టిపడుతోంది, వాన నీరు మళ్లీ ఎర్రగా పోతోంది. ఆ దారులను ఏటా మారుస్తున్నాం. ఇది చాలుతుందో లేదో నాకు తెలియదు. ఫిబ్రవరి వస్తే ఇప్పటికీ గాలి ఎటు వీస్తోందో చూడకుండా ఉండలేను.

పశువు లేకపోతే అడవి బాగుంటుందని నమ్మాను. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం గంగులప్పకు తెలుసు. అతను నాకు చెప్పాడు కూడా. నేను వినలేదు, గంటలు మాత్రమే విన్నాను. అవి ఆగిపోతే నా పని సక్రమంగా జరుగుతోందని రాసుకున్నాను.

ఆవులను ఇప్పుడు లక్ష్మీదేవి తోలుకుపోతుంది. నాతో ఎక్కువ మాట్లాడదు. "ఈ పొద్దు యా ముక్క మేడమ్?" అని అడుగుతుంది, చెబితే పోతుంది. మలుపు దాటాక కూడా గంటలు చాలాసేపు వినపడతాయి. ఆ ఊళ్లో ఇప్పుడు గంటల్లో గుడ్డలు కుక్కరు.