పదకొండు గుమ్మాల ఎత్తు

మూడుసార్లు తిరిగొచ్చిన పటాన్ని నాలుగోసారి మాస్టారి చేత ఒప్పించుకోవడం తాతయ్య మనవరాలి మొదటి గెలుపు. ఆమె విభాగంలో చదివేది పన్నెండు మంది, ఉన్న కంప్యూటర్లు ఏడు. వంతు కోసం తెల్లవారకముందే వెళ్లి కూర్చునేది. ఏ వానకు ఏ వీధి మునుగుతుందో రంగుల్లో చూపే ఆ పటం చివరికి ఆ చిన్న విశ్వవిద్యాలయం గోడకెక్కింది. పురపాలక ఇంజనీరు వచ్చి చూసి, కొత్త కాలువలకు దాన్నే ఆధారంగా తీసుకున్నాడు. ఆమె చదివే భౌగోళిక సమాచార శాస్త్రం అన్న మాట తాతయ్యకు ఇప్పటికీ నోరు తిరగదు గానీ, ఈ కబురు ఆయన చెప్పని మనిషి లేడు.

చెప్పనిది ఒక్కటే.

ఆ పటం కోసం ఇళ్ల గుమ్మాలు రోడ్డుకు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవమని మనవరాలు ఆయనకే టేపు ఇచ్చింది. ముప్పై ఏళ్లు సర్వే గొలుసు లాగిన చెయ్యి మరి. వీధులన్నీ వంగి వంగి కొలిచాడు. చివరి సందు దగ్గర మోకాళ్లు మొరాయించాయి. ఆ సందు తనకు కొట్టిన పిండి అనుకుని, టీ కొట్టు బల్ల మీద కూర్చుని, పదకొండు ఇళ్లకూ గుర్తున్న అంకెలు వేసేశాడు. ఈమధ్య అక్కడ రెండుసార్లు రోడ్డు ఎత్తు చేశారనీ, గుమ్మాలు పల్లమైపోయాయనీ బుర్రకు తట్టలేదు.

మొన్నటి వానకు ఆ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. బట్టలు కుట్టే ఆవిడ తడిసిన మిషను మోటారు ఎండబెడుతూ ఆయన్ని ఆపింది.

"బాబాయ్, మీ మనవరాలి పటంలో మా సందు మునగదట. మాకు కాలువ అక్కర్లేదన్నారు. ఈ నీళ్లకే ఆ సంగతి తెలీలేదు కాబోలు."

నవ్వుతూనే అంది. తాతయ్యకు తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు ఆ సందు వైపు వెళ్లలేదు. చెబితే పటం గోడ దిగుతుంది. చెప్పకపోతే పదకొండు ఇళ్లు ఏటా మునుగుతాయి.

మూడో రోజు ఫోను చేశాడు.

"అమ్మడూ, చివరి సందు నేను కొలవలేదే. గుర్తు మీద వేసేశాను."

"పదకొండూనా?"

"పదకొండూ."



"ప్రతి గుమ్మం కొలిచామని నేను సంతకం పెట్టాను తాతయ్యా."

"తప్పు నాదని రాసిస్తాను."

"వద్దు. పటం నేనే దింపేస్తాను. ఇంజనీరుకీ చెప్తాను. ఈసారి టేపు నేను పడతా, నువ్వు కుర్చీ వేసుకుని అంకెలు రాయి. గుర్తు మీద రాశావో, పెన్సిలు లాగేసుకుంటా."

పటం ఆ సాయంత్రమే దిగింది. తప్పు తన మీద వేసుకున్న పిల్ల గురించి గొప్పగా చెప్పుకుందామంటే తాతయ్య ముందు తన తప్పు చెప్పుకోవాలి. టేపు తుడిచి గూట్లో పెట్టాడు. ఇంజనీరు కాలువల లెక్క తేల్చేది జూలై ఇరవైన. మనవరాలు వచ్చేది పన్నెండున, శనివారం, పొద్దుటి బస్సుకు.